నడుం నొప్పికి కైరోప్రాక్టిక్: వెళ్ళొచ్చా?

ప్రశ్న, తిరుపతి:
నాన్నకి 58. అలిపిరి మెట్లెక్కి వచ్చినాక నడుం పట్టేసింది, మూడు వారాలైంది. కైరోప్రాక్టిక్ అంటే చేత్తో వెన్ను కీళ్ళని నొక్కి, తిప్పి చేసే వైద్యమంట; ‘టక్’మనిపించి ఎముక సర్దేస్తామంటున్నారు అది చేసే ఒకాయన. పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

జవాబు 1, ఫిజియో:
ముందు ఇవి చూడన్నా: మూత్రం ఆగిపోవడం, తొడల మధ్య తిమ్మిరి, పాదం పైకి లేవకపోవడం. వీటిలో ఒక్కటున్నా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాల. జ్వరం, పాత క్యాన్సర్, గుల్లబారిన ఎముకలు ఉన్నా సర్దుబాటు వద్దు. ఇవేవీ లేకుంటే ప్రయత్నించొచ్చు. మొదలై ఆరు వారాలు దాటని నడుం నొప్పికి ఈ సర్దుబాటు మీద 2017లో ‘జామా’ అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణలో, నొప్పి 100 పాయింట్ల కొలతలో సగటున 10 దాకా తగ్గింది. లాభం నిజమే, కానీ కొంచెమే. నడక, మామూలు పనులు మాత్రం ఆపనీయొద్దు.

జవాబు 2:
‘టక్’మంటే ఎముక చోటికి వచ్చిందని కాదు. కీలు విడివడినప్పుడు లోపలి ద్రవంలో వాయువుతో కూడిన ఖాళీ ఏర్పడుతుంది. 2015లో వేలి కీళ్ళను ఎమ్మారైలో లాగి చూస్తే కనబడింది ఇదే. శబ్దం కోసం మళ్ళీ మళ్ళీ తిప్పించుకోవద్దు. నడుం నొప్పికి మెడ అసలు తిప్పనీయకండి. మెడ ధమని చీలి పక్షవాతం వచ్చిన కేసులున్నాయి, అరుదే అయినా.

జవాబు 3:
మన దేశంలో కైరోప్రాక్టర్లకి ప్రత్యేక చట్టబద్ధ కౌన్సిల్ లేదు, కాబట్టి చదువేంటో మీరే అడగాల. 2005 డబ్ల్యూహెచ్‌ఓ మార్గదర్శకాల్లో పూర్తి కోర్సుకి కనీసం 4,200 గంటల శిక్షణ ఉంది. వారాంతపు వర్క్‌షాపు సర్టిఫికెట్ చూపిస్తే లేచి వచ్చేయండి. కాలు ఎత్తించకుండా, రిఫ్లెక్సులు (సుత్తితో తట్టి చూసే నరాల స్పందన) చూడకుండానే చెయ్యి వేసినా అంతే.