తక్కువ స్పీడులో స్టీరింగ్ మరీ లైట్‌గా ఉంది, పవర్ అసిస్ట్ తగ్గించుకోవచ్చా?

మెల్లగా_వెళ్దాం:

అందరికీ నమస్తే. నాది హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ (ఆయిల్ ప్రెషర్‌తో సాయం చేసేది) ఉన్న పాత సెడాన్, 12 ఏళ్ల బండి, ర్యాక్ (ముందు చక్రాలని అటూ ఇటూ తోసే కడ్డీ), ఆయిల్ పంపు రెండూ ఒరిజినలే. 60 దాటాక స్టీరింగ్ బాగానే ఉంటుంది, ఏ కంప్లైంటూ లేదు. బాధంతా 10 నుంచి 30 మధ్యలోనే. ఇరుకు మలుపుల్లో, పార్కింగ్‌లో ముందు చక్రం ఎంత తిరిగిందో చేతికి అస్సలు తెలియట్లేదు, ఒక్క వేలితో తిప్పినా తిరిగిపోతుంది కానీ టైరు ఎటు చూస్తోందో తల బయటపెట్టి చూసుకోవాల్సి వస్తోంది. ఇంకోటేంటంటే మలుపు అయ్యాక స్టీరింగ్ వదిలితే దానంతటది వెనక్కి రాదు, సగంలో ఆగిపోతుంది, నేనే తిప్పి నేరుగా తెచ్చుకోవాలి.

పంపులో ప్రెషర్ తగ్గిస్తే సరిపోతుందని ఒకాయన అన్నాడు, ఇంకొకాయన రిటర్న్ పైపుకి (ఆయిల్ తిరిగి డబ్బాలోకి వెళ్లేది) క్లాంప్ వేసి కొంచెం నొక్కితే బరువొస్తుందన్నాడు. ఏది కరెక్ట్? మా నాన్న కూడా ఇదే బండి నడుపుతారు, ఆయనకి భుజం నొప్పి ఉంది కాబట్టి మరీ బరువెక్కిపోయినా నాకు ఇబ్బందే.

టోర్షన్‌బార్:

ముందు ఆ రిటర్న్ పైపు నొక్కే ఆలోచన మానెయ్యండి ప్లీజ్. అది ప్రెషర్ తట్టుకోడానికి చేసిన పైపు కాదు, మామూలు రబ్బరు గొట్టం, చిన్న క్లిప్పు మీద ఆగుంటుంది. దాన్ని నొక్కితే ర్యాక్‌లో పిస్టన్‌కి రెండు పక్కలా ప్రెషర్ పెరుగుతుంది, రెండు పక్కలా పెరిగినప్పుడు అసిస్ట్‌లో తేడా ఏముంటుంది, ఆయిల్ వేడెక్కడం, సీళ్లు కారడం తప్ప. గొట్టం ఊడిందంటే ఆ వేడి ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడొచ్చు, మంటలు కూడా రావచ్చు.

ప్రెషర్ తగ్గించినా మీ సమస్య తీరదు. పంపులో రిలీఫ్ వాల్వ్ ఉన్నది స్టీరింగ్ ఫుల్ లాక్‌లో, అంటే ఒక పక్కకి చివరిదాకా తిప్పి పట్టుకున్నప్పుడు ప్రెషర్ హద్దు దాటకుండా ఆపడానికి. చాలా కార్లలో ఆ హద్దు 80 నుంచి 100 బార్ దగ్గర్లో ఉంటుంది, 20 స్పీడులో మామూలు మలుపు తిప్పుతుంటే మనం అక్కడిదాకా వెళ్లం. అది తగ్గిస్తే నిలబెట్టి తిప్పేటప్పుడు మాత్రమే బరువొస్తుంది, అంటే నేరుగా మీ నాన్నగారి భుజం మీదే పడుతుంది.

మీరు పట్టుకోవాల్సింది ఫ్లో, అంటే పంపు నిమిషానికి ఎంత ఆయిల్ పంపుతోందో అది. స్టీరింగ్ షాఫ్ట్ ర్యాక్‌ని కలిసే చోట సన్నటి స్టీలు కడ్డీ ఒకటుంటుంది, మనం తిప్పినప్పుడు అది రెండు మూడు డిగ్రీలు మెలి తిరుగుతుంది, ఎంత మెలి తిరిగితే రోటరీ వాల్వ్‌లో దారులు అంత మూసుకుని ఒకవైపు ప్రెషర్ అంత పెరుగుతుంది. ఆ ఇరుకు దారిలోంచి వెళ్లే ఆయిల్ ఎంతో దాని వర్గాన్ని బట్టి ప్రెషర్ ఉంటుంది. అంటే ఫ్లో 10 శాతం తగ్గిస్తే అదే మెలికకి ప్రెషర్ 19 శాతం తగ్గుతుంది. కొంచెం కదిపితే చాలు, చేతికి బాగా తెలుస్తుంది.

ఆ ఫ్లోని నిర్ణయించేది చాలా పంపుల్లో అవుట్‌లెట్ ఫిట్టింగ్ లోపలుండే చిన్న రంధ్రం, దాని వెనక స్ప్రింగ్ మీద ఆడే కంట్రోల్ వాల్వ్. ఉదాహరణకి 4 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఫిట్టింగ్ బదులు 3.8 ఉన్నది వేస్తే ఫ్లో దాదాపు 10 శాతం పడిపోతుంది. మీ పంపు మోడల్‌కి వేరే సైజు ఫిట్టింగ్ దొరుకుతుందేమో చూడండి, ఉన్నదాన్ని మాత్రం కెలికి పాడు చేసుకోకండి, దాచుకోండి, నచ్చకపోతే మళ్లీ అదే వేసుకోవచ్చు.

కానీ ఎంతైనా తగ్గించొచ్చు అనుకోవద్దు, లెక్క చెప్తాను చూడండి. పిస్టన్ వైశాల్యం 8 చదరపు సెంటీమీటర్లు, స్టీరింగ్ ఒక చుట్టుకి ర్యాక్ 45 మిల్లీమీటర్లు కదులుతుంది అనుకుందాం. మీరు కంగారుగా సెకనుకి ఒకటిన్నర చుట్టు తిప్పారంటే ఆ పిస్టన్ వెనక ఖాళీ నింపడానికే నిమిషానికి 3.24 లీటర్లు కావాలి, లోపల లీకేజీ దీనికి అదనం. పంపు అంత ఇవ్వలేకపోతే తిప్పుతున్న స్టీరింగ్ మధ్యలో ఒక్కసారి రాయిలా బిగుసుకుంటుంది. సరిగ్గా ఎవరో అడ్డొచ్చి మీరు గబుక్కున తిప్పినప్పుడే ఇది జరుగుతుంది, అదీ భయం. అందుకే ఒకేసారి 10 శాతం మించి తగ్గించొద్దు, ఏసీ వేసి ఐడిల్‌లో పెట్టి వేగంగా తిప్పి చూసి అప్పుడు రోడ్డెక్కండి.

గ్రీజుచేతులు:

పైన చెప్పిన లెక్కతో నాకు పేచీ లేదు, బాగా చెప్పారు. కానీ ప్రశ్నలో ఒక మాట నన్ను ఆపేసింది, స్టీరింగ్ వెనక్కి రాదు సగంలో ఆగిపోతుంది అన్నారు. లైట్‌గా ఉండటం వేరు, వెనక్కి రాకపోవడం వేరు బ్రదర్. వెనక్కి రావట్లేదంటే ఎక్కడో పట్టేస్తోంది. పవర్ అసిస్ట్ ఉంది కాబట్టి ఆ పట్టు మీ చేతికి తెలియట్లేదు, పంపే దాన్ని మోసేస్తోంది. ఇప్పుడు అసిస్ట్ తగ్గించారనుకోండి ఆ పట్టంతా మీ చేతికొస్తుంది, రోడ్డు ఫీల్ వచ్చిందని మీరు అనుకుంటారు కానీ వచ్చింది తుప్పు ఫీల్.

నాకు ఇలాగే జరిగింది. ముందు చక్రాలు రెండూ పైకి లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి (జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు), ఇంజిన్ ఆపి, లాక్ నుంచి లాక్ దాకా నెమ్మదిగా తిప్పాను. ఒక చుట్టులో రెండు చోట్ల బిగుసుకోవడం రెండు చోట్ల వదలడం, ప్రతి చుట్టుకీ అదే వరస. చుట్టుకి రెండుసార్లు అంటే యూనివర్సల్ జాయింట్ (స్టీరింగ్ షాఫ్ట్ వంపు తిరిగే చోట ఉండే కీలు) అని అక్కడే అర్థమైపోయింది. పెడల్స్ వెనక కార్పెట్ ఎత్తి టార్చ్ వేసి చూస్తే కింది జాయింట్ కప్పుల చుట్టూ ఎర్రటి పొడి, వేలితో తుడిస్తే పసుపు కుంకుమ కలిపినట్టు అంటుకుంది. విప్పి చేత్తో మడిస్తే ఒకవైపు హాయిగా మడుస్తోంది, రెండోవైపు టిక్కు టిక్కుమని ఆగి ఆగి. కొత్తది వేశాక అదే బండి, అదే పంపు, మలుపు అయ్యాక స్టీరింగ్ చేతుల్లోంచి మెత్తగా జారుతూ నేరుగా వచ్చేసింది. ఆ రోజు ఊరికే అరగంట తిప్పుకుంటూ ఉన్నాను.

ఒక్క మాట, షాఫ్ట్ విప్పేముందు స్టీరింగ్ నేరుగా పెట్టి కట్టెయ్యండి, షాఫ్ట్‌కీ జాయింట్‌కీ మార్కు పెట్టుకోండి. వదిలేసిన స్టీరింగ్ చుట్టు తిరిగితే హారన్, ఎయిర్‌బ్యాగ్ వైరు ఉండే రిబ్బన్ తెగుతుంది.

మీరు కూడా అలా లేపి తిప్పి చూడండి. దాంతో పాటు స్ట్రట్ (ముందు చక్రం దగ్గర స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసుండేది) పైన ఉండే బేరింగ్ మీద చెయ్యి పెట్టి ఇంకొకరిని తిప్పమనండి, స్ప్రింగ్ టంగుమని దూకుతుంటే ఆ బేరింగ్ ఎండిపోయినట్టే. కింద బాల్ జాయింట్లు చూడండి. వీటన్నిటి కంటే ముందు టైర్లలో గాలి, డోరు దగ్గర స్టిక్కర్ మీద ఎంతుందో అంతే ఉండాలి. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా వెనక్కి రాకపోతే అప్పుడు అలైన్‌మెంట్‌లో క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) చూడాలి, స్టీరింగ్‌ని మధ్యకి లాగేది అదే. క్యాస్టర్ కొంచెం పెరిగితే తక్కువ స్పీడులో బరువూ వస్తుంది, మలుపు లోతుకెళ్లేకొద్దీ బరువు పెరుగుతూ వస్తుంది, నాకైతే ఫీల్ అంటే అదే.

వైర్లువదలడు:

ఇంకొకటి చూసుకోండి, మీ ర్యాక్ మీదో పంపు దగ్గరో రెండు వైర్ల సోలినాయిడ్ (కరెంట్‌తో ఆడే వాల్వ్) ఉందా? జెడ్‌ఎఫ్ వాళ్ల సర్వోట్రానిక్ లాంటి సిస్టమ్ అయితే స్పీడుని బట్టి అసిస్ట్ మార్చేది అదే. అందులో బండి ఆగున్నప్పుడు కరెంట్ ఎక్కువ, స్పీడు పెరిగేకొద్దీ తగ్గుతుంది, కరెంట్ పోతే స్టీరింగ్ బరువెక్కుతుంది. వేరే కొన్ని కంపెనీల సిస్టమ్స్‌లో దీనికి ఉల్టా, వైరు పీకితే ఫుల్ లైట్ అయిపోతుంది. కాబట్టి ముందు మీది ఏదో తెలుసుకోండి. కొంతమంది ఆ వైరుకి సీరీస్‌లో రెసిస్టర్ (కరెంట్ తగ్గించేది) పెట్టి తక్కువ స్పీడులో బరువు తెచ్చుకుంటారు, పనిచేస్తుంది కానీ చిన్న పావు వాట్ రెసిస్టర్ పెడితే కాలిపోతుంది, 0.8 ఆంపియర్ దగ్గర 5 ఓమ్ అంటే 3.2 వాట్ల వేడి. కంట్రోల్ యూనిట్ ఫాల్ట్ కోడ్ కూడా వెయ్యొచ్చు.

ఎలక్ట్రిక్ స్టీరింగ్ బండ్ల వాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకి ఒక మనవి. 1988లో సుజుకి సెర్వోతో మొదలైన ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఇప్పుడు దాదాపు ప్రతి కొత్త కారులో ఉంది, అందులో అసిస్ట్ అంతా టార్క్ సెన్సర్ (మనం ఎంత బలంగా తిప్పుతున్నామో కొలిచేది) చెప్పేదాన్ని బట్టే. ఆ సెన్సర్ వైర్లలో మాత్రం ఏదీ కలపొద్దు. అందులో రెండు సిగ్నల్స్ ఉంటాయి, ఒకదాన్ని ఒకటి సరిచూసుకుంటాయి, తేడా వస్తే అసిస్ట్ ఆగిపోతుంది, సున్నా పాయింట్ జరిగితే మోటార్ ఒకవైపే లాగుతుంది. స్పీడు సిగ్నల్‌ని మోసం చేద్దామన్నా అది ఏబీఎస్ బ్రేకులూ వాడేదే. కంపెనీ ఇచ్చిన కంఫర్ట్, స్పోర్ట్ మోడ్ ఉంటే స్కాన్ టూల్‌తో మార్చుకోండి, అంతవరకే.

మెల్లగా_వెళ్దాం:

రెండు వారాల తర్వాత వస్తున్నా, సారీ. సోలినాయిడ్ లేదు, మామూలు పంపే. గ్రీజుచేతులు గారు చెప్పినట్టే చేశాను. స్టీరింగ్ రిమ్ముకి స్ప్రింగ్ తక్కెడ తగిలించి లాగి చూశాను, చక్రాలు గాల్లో, ఇంజిన్ ఆఫ్: బిగుసుకునే చోట 2.4 కిలోలు, వదిలే చోట 1.1. కింది జాయింట్ పోయింది, ఎడమవైపు స్ట్రట్ బేరింగ్‌లో గ్రీజు లేదు, లోపల మట్టి. ముందు టైర్లలో గాలి 33 ఉండాల్సింది 26 ఉంది, నేను రోజూ నడిపే బండి అది, చూసుకోలేదు.

జాయింట్, రెండు వైపులా బేరింగులు మార్చాక అదే తక్కెడ మీద అన్ని చోట్లా 1 కిలో చుట్టూనే. స్టీరింగ్ ఇప్పుడు దానంతటది వెనక్కి వస్తోంది, చక్రం ఎక్కడుందో చేతికి తెలుస్తోంది, రోడ్డు మీద అతుకులు కూడా సన్నగా తెలుస్తున్నాయి. నాన్న నడిపి ఏం మార్చావురా, ముందుకంటే హాయిగా ఉంది అన్నారు.

ఇంకా నాకు 15, 20 స్పీడులో ఒక పిసరు లైట్‌గానే అనిపిస్తోంది. క్యాస్టర్ ఎడమ 2.9 డిగ్రీలు, కుడి 2.6 వచ్చింది, కంపెనీ ఇచ్చిన లిమిట్‌లోనే ఉంది. ఇప్పుడు 3.8 ఫిట్టింగ్ వెయ్యనా?

టోర్షన్‌బార్:

ఇప్పుడే వద్దు. కొత్త బేరింగులు కొన్ని వందల కిలోమీటర్లు సర్దుకోనివ్వండి, 12 ఏళ్ల ఆయిల్ అయితే అది కూడా మార్చెయ్యండి, డబ్బా మూత మీద ఏ గ్రేడ్ రాసుంటే అదే, కలపొద్దు. ఆ తర్వాత కూడా అలాగే అనిపిస్తే వెయ్యండి. కానీ ఫిట్టింగ్ మార్చిన రోజు మొదట నడపాల్సింది మీరు కాదు, మీ నాన్నగారు. పార్కింగ్‌లో నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పించండి, ఆయన భుజం పట్టుకున్నారంటే పాతదే మళ్లీ బిగించెయ్యండి.