మోకాళ్ల నొప్పికీ, మంగుకీ, జుట్టుకీ ఒకే ఎర్ర కాంతి పనిచేస్తుందా?

ప్రశ్న: లక్ష్మీపురం, గుంటూరు

మా అమ్మగారికి మోకాళ్లలో గుజ్జు అరిగిందని ఎముకల డాక్టరు గారు చెప్పి, తొడ కండరాలు గట్టిపడేందుకు వ్యాయామాలు రాసిచ్చారు. ఇంతలో మా వీధి చివర కొత్తగా వెలసిన ఒక సౌందర్య చికిత్సా కేంద్రం వారు రెడ్ లైట్ థెరపీ అని ఒక ప్యాకేజీ చెబుతున్నారు. బల్బులు బిగించిన ఒకే పలక (ప్యానెల్) ముందు కూర్చుంటే అమ్మ నొప్పులు తగ్గుతాయట, నా ముఖం మీది మంగు పోతుందట, మావారి బట్టతల మీద జుట్టు వస్తుందట, కొన్నాళ్లకు నేను థైరాయిడ్ మాత్రలు కూడా మానేయవచ్చట. వారు అడిగే సొమ్ముతో ఆన్‌లైన్‌లో సొంతంగా ప్యానెలే కొనుక్కోవచ్చు కదా అనిపిస్తోంది. ఈ కాంతి ఒంటి మీద నిజంగా చేసే పని ఏమిటి? ఫిజియోథెరపీ వారు కాపడానికి పెట్టే ఎర్ర దీపమూ ఇదీ ఒకటేనా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: ఫిజియోథెరపిస్టు, సూర్యారావుపేట, విజయవాడ

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతానండి, ఎందుకంటే మా దగ్గరకు వచ్చేవారిలో చాలామందికి ఉన్న సందేహం అదే. రెండూ ఒకటి కావు. కాపడం దీపం పని వేడి పుట్టించడం. ఆ వేడికి రక్తప్రసరణ పెరిగి, బిగుసుకున్న కండరం వదులవుతుంది. రెడ్ లైట్ థెరపీలో వేడితో పని లేదు. సుమారు 630 నుంచి 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎర్ర కాంతిని గానీ, 810 నుంచి 850 నానోమీటర్ల మధ్య కంటికి కనిపించని పరారుణ కాంతిని గానీ, లేజర్‌తోనో ఎల్‌ఈడీ బల్బులతోనో తక్కువ మోతాదులో వాడతారు.

ఇది బయటపడిన తీరు కూడా చిత్రమైనదే. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు, లేజర్ కాంతి వల్ల క్యాన్సర్ వస్తుందేమో చూద్దామని ఎలుకల వీపు గొరిగి రూబీ లేజర్ ప్రసరింపజేస్తే, క్యాన్సర్ రాలేదు సరికదా, కాంతి పడిన ఎలుకలకు వెంట్రుకలు త్వరగా మొలిచాయి. ఎందుకిలా జరుగుతుందన్న దానికి ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఒకటుంది. కణంలోని మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఈ కాంతిని పీల్చుకుంటుందని, దానికి అతుక్కుని పనికి అడ్డుపడే నైట్రిక్ ఆక్సైడ్ అప్పుడు విడిపోతుందని, దాంతో కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారీ పుంజుకుంటుందని అంటారు. అయితే మోతాదు పెరిగినకొద్దీ ఫలితం పెరుగుతూ పోదు; ఒక హద్దు దాటితే తగ్గుతుంది కూడా. ఉప్పు లాంటిదన్నమాట. అందువల్ల ఎక్కువసేపు కూర్చుంటే ఎక్కువ మేలనే మాటను నమ్మకండి.

అమ్మగారి మోకాళ్ల సంగతికి వస్తే, తగిన మోతాదులో లేజర్ ఇచ్చిన పరీక్షలలో నొప్పి కొంత తగ్గినట్టు కనిపించింది గానీ, అన్ని పరీక్షల ఫలితాలూ ఒక్కతీరుగా లేవు. అరిగిన గుజ్జు దీనితో తిరిగి వస్తుందని ఎవరైనా చెబితే ఆ మాట అక్కడే వదిలేయండి. ఇంకొక సంగతి ఏమిటంటే, ఎర్ర కాంతి చర్మం లోపలికి కొద్ది మిల్లీమీటర్లే బలంగా వెళ్తుంది, పరారుణం ఇంకాస్త లోతుకు వెళ్తుంది. అందుకే మేము రోగి మోకాలు వంచి పెట్టించి, కీలు సందు ఎక్కడుందో వేలితో తడిమి చూసుకుని, కాంతి వెలువడే లేజర్ మొనను (ప్రోబును) చర్మానికి ఆనించి, కాస్త నొక్కి పట్టి, ఒక్కొక్క చోట కొన్ని సెకన్లు ఉంచుతాము. రోగికీ మాకూ కళ్లద్దాలు తప్పనిసరి. దూరాన గోడకు తగిలించిన ప్యానెల్ ముందు చీర మోకాళ్ల దాకా కప్పుకుని కూర్చోవడం దీనికి సమానం కాదు. డాక్టరు గారు రాసిచ్చిన వ్యాయామాలను మాత్రం దేనికోసమూ ఆపకండి.

జవాబు: చర్మ వైద్యుడు, కొత్తపేట, గుంటూరు

మంగు గురించి హెచ్చరించడానికే రాస్తున్నాను. మన చాయ వారిలో మంగు అతినీల లోహిత కిరణాలతోనే కాదు, కంటికి కనిపించే కాంతితో, ముఖ్యంగా నీలి కాంతితోనూ, వేడితోనూ ముదురుతుంది. సౌందర్య కేంద్రాలలోని చాలా యంత్రాలు ఎరుపుతో పాటు నీలం రంగునూ కలిపి వెలిగిస్తాయి. మంగుకు ఇది ప్రామాణిక చికిత్స కాదు కాబట్టి, ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్ రాసుకుంటూ, చర్మ వైద్యులు రాసిచ్చిన పూతలు వాడటమే మేలు.

జుట్టు విషయంలో కొంత నిజముంది. అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2007లో పురుషుల బట్టతలకు ఒక లేజర్ దువ్వెనను అమ్ముకోవడానికి అనుమతించింది. కానీ ఆ అనుమతి అంతకుముందు మార్కెట్లో ఉన్న పరికరాలతో పోల్చి ఇచ్చేది. మందులకు జరిగేంత గట్టి విచారణ అందులో ఉండదు. పలచబడిన వెంట్రుకలు కొంత దట్టమవుతాయి, ఆపేస్తే ఆ ఫలితమూ పోతుంది, నున్నగా అయిపోయిన చోట ఆశ పెట్టుకోనక్కరలేదు.

థైరాయిడ్ మాత్రలు మానమనడం మాత్రం బాధ్యత లేని మాట. బ్రెజిల్‌లో కొద్దిమంది రోగుల మీద, వైద్యుల పర్యవేక్షణలో, గొంతు దగ్గర లేజర్‌తో జరిగిన చిన్న పరీక్షను పట్టుకుని ఇలాంటి ప్రచారాలు చేస్తున్నారు. క్యాన్సర్ చికిత్సలో వచ్చే నోటి పూతను నివారించడానికి ఈ కాంతిని అంతర్జాతీయ మార్గదర్శకాలు సిఫారసు చేస్తున్నాయి. నా దృష్టిలో ఆధారం బలంగా ఉన్నది అక్కడే, కానీ దాని గురించి ఏ ప్రకటనలోనూ కనిపించదు.

పిల్లలుంటే ఒక మాట. చైనాలో హ్రస్వదృష్టి (దూరపు వస్తువులు మసకగా కనబడటం) ముదరకుండా పిల్లల కళ్లలోకి 650 నానోమీటర్ల ఎర్ర కాంతిని రోజుకు రెండుసార్లు మూడేసి నిమిషాలు వేసే పద్ధతి వ్యాపించింది. దాని వల్ల ఒక బాలిక రెటీనా దెబ్బతిన్నట్టు 2023లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. ప్యానెల్ వెలుగుతుండగా దాన్ని తదేకంగా చూడనివ్వకండి.

జవాబు: ఎల్‌ఈడీ మరమ్మతులు, గవర్నర్‌పేట, విజయవాడ

వైద్యం నాకు తెలియదు గానీ, ఇలాంటి ప్యానెళ్లు మా బల్ల మీదకు వస్తుంటాయి. సగం బల్బులు వెలగడం లేదని తెచ్చినవాటిలో చాలావరకు బాగానే ఉంటాయి. పరారుణ బల్బులు వెలుగుతున్నా కంటికి ఆరిపోయినట్టే కనబడతాయి. ఫోన్ కెమెరాలో చూస్తే చాలా ఫోన్లలో అవి లేత ఊదా రంగులో మెరుస్తాయి.

కొనేటప్పుడు పెట్టె మీది వాట్లను చూసి మోసపోకండి. అది ప్యానెల్‌లో బిగించిన బల్బుల లెక్కే తప్ప ఒంటి మీద పడే కాంతి లెక్క కాదు. మీరు కూర్చునే దూరంలో చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీవాట్లు పడుతుందో అమ్మేవారిని అడగండి. 30 మిల్లీవాట్లు అన్నారనుకోండి, ఐదు నిమిషాలకు చదరపు సెంటీమీటరుకు 9 జౌళ్ల కాంతి శక్తి పడినట్టు అవుతుంది. దూరం జరిగితే ఇది పడిపోతుంది. సోలార్ పలకల మీటరుతో కొలిచి చూపిస్తే ఆ అంకె నమ్మదగినది కాదు, ఎల్‌ఈడీ కాంతిని ఆ మీటరు ఎక్కువ చేసి చూపిస్తుంది.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మంగు, థైరాయిడ్ మాట ఇక వదిలేస్తాను. అమ్మగారికి చాలా ఏళ్లుగా షుగరు ఉంది, పాదాలు మొద్దుబారాయని అంటున్నారు. ఆమెకు మోకాళ్ల మీద ఈ కాంతి పెట్టించవచ్చా?

జవాబు: ఫిజియోథెరపిస్టు, సూర్యారావుపేట

అలాగైతే ముందు కాపడం దీపం దగ్గరకు వెళ్లనివ్వకండి. స్పర్శ తగ్గినచోట చర్మం కాలుతున్నా తెలియదు, షుగరు ఉన్నవారి పాదాలకు ఆ బొబ్బ పుండుగా మారవచ్చు. ఎర్ర కాంతి యంత్రాలలోనూ కొన్ని వేడెక్కుతాయి. కాబట్టి ఏ కేంద్రానికి వెళ్లినా, మొదట స్పర్శ పరీక్ష చేయమనండి; వేడిదీ చల్లనిదీ తేడా ఆమె చెప్పలేకపోతే, వేడెక్కే ఏ యంత్రమూ వద్దని చెప్పి, మోకాళ్లకు వ్యాయామాలే సాగించండి. పాదాలను రోజూ వెలుతురులో తిప్పి చూడటం, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవడం మాత్రం మరచిపోకండి.