పోలిక పరీక్షలో టైమ్ పెడితే తప్పులు: ఎలా సాధన చేయించాలి?

మా అబ్బాయి ఎనిమిదో తరగతి, తెలుగు మీడియం. ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షకి తయారవుతున్నాడు. అందులో మ్యాట్ (మానసిక సామర్థ్య పరీక్ష)లో 90 నిమిషాలకు 90 ప్రశ్నలు. పోలిక పరీక్ష, అంటే మొదటి జతలో ఉన్న సంబంధమే రెండో జతలోనూ వచ్చే మాట వెతికే ప్రశ్నల దగ్గరే మాకు టెన్షన్. 'కత్తి : ఒర :: బాణం : ?' అంటే, అమ్ములపొది ఎదురుగా ఉన్నా విల్లు పెట్టేస్తాడు. మాట తెలియక కాదు, అడిగితే అర్థం చెబుతాడు. బాణం అనగానే విల్లు గుర్తొస్తుంది, అంతే.

రెండు నెలలుగా రోజుకు పది కొత్త మాటలు రాయించాను, తేడా లేదు. తర్వాత మొదటి జతను వాక్యంగా చెప్పమన్నాను: 'కత్తిని ఒరలో పెడతారు'. అలా చేస్తే 20కి 17 వస్తున్నాయి, కానీ అరగంట పైనే పడుతోంది. 20 నిమిషాలకు అలారం పెడితే వాక్యం వదిలేస్తాడు, 11 దాటడం లేదు.

వాక్యం మానకుండానే ఒక్కో ప్రశ్న నిమిషంలో ముగించేలా ఇంట్లో ఎలా సాధన చేయించాలి?