పాత ఫ్యాంటసీ చిన్నకథల్లోంచి డంజియన్ తీయడం ఎలా? (బీ-ఎక్స్ రూల్స్)

నేలమాళిగ:
డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు వేసుకుని పాచికలతో ఆడే ఆట) 1981 బేసిక్, ఎక్స్‌పర్ట్ రూల్స్‌తో, అంటే బీ-ఎక్స్‌తో, క్యాంపెయిన్ (వరసగా సాగే ఆట) పెడుతున్నాం. ఐదుగురు ఆటగాళ్ళు, అందరూ ఫస్ట్ లెవెల్, అంటే కొత్త పాత్రలే. రెడీమేడ్ మాడ్యూళ్ళు (ముందే రాసిపెట్టిన సాహసాలు) కాకుండా హోవర్డ్, స్మిత్, వాన్స్, లీబర్ అనే పాత ఫ్యాంటసీ రచయితల కథల నుంచే డంజియన్ (ఆటగాళ్ళు దిగి వెతికే ప్రమాదకరమైన చోటు) కట్టాలని ఆలోచన. చదివేటప్పుడు బ్రహ్మాండంగా ఉన్న కథ ఆటలోకి వచ్చేసరికి పట్టాల మీద రైలైపోతుంది, ఆటగాళ్ళకి వేరే దారే ఉండదు. దేన్ని ఉంచాలి, దేన్ని తీసేయాలి? లెక్కలతో చెప్పండి.

కాగడా6:
ముందు హీరోని తీసేయండి. కథ రెండోసారి చదివేటప్పుడు నాలుగే రాసుకోండి: చోట్లు ఏవి, అక్కడున్నవాళ్ళకి ఏం కావాలి, దోచుకోడానికి ఏముంది, బయటివాళ్ళెవరూ రాకపోతే అక్కడ ఏం జరుగుతుంది. హీరో ఏం చేశాడన్నది ఒక్క ముక్క కూడా రాయొద్దు. ఆ ఖాళీ మీ ఆటగాళ్ళది.

మొదటి ఆటకి 1933లో వచ్చిన హోవర్డ్ కథ 'ద టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్' తీసుకోండి. తోట, తోటలో అరవని సింహాలు, అంచు నిండా రత్నాలు పొదిగిన గోపురం, పైగదిలో రాక్షస సాలీడు, లోపల బందీగా ఏనుగు తల ఉన్న జీవి, వీటన్నిటికీ యజమాని యారా అనే మాంత్రికుడు. మ్యాప్ దానంతటదే వచ్చేస్తుంది.

సింహం 5 హెచ్‌డీ (హిట్ డైస్, జీవి బలానికి కొలత). ఫస్ట్ లెవెల్ పార్టీ (ఆటగాళ్ళ పాత్రల గుంపు) కత్తులు దూసి దిగితే అక్కడికక్కడే సరి. కథలో టారస్ అనే దొంగ నల్లకలువ పొడి ఊది వాటిని చంపుతాడు. ఆ పొడిని ఊళ్ళో మోతాదు 200 బంగారు నాణేలకి పెట్టండి. కొత్త పాత్ర దగ్గర సగటున ఉండేది 105 నాణేలే (మూడు డీ6, అంటే ఆరు ముఖాల పాచికలు, ఇంటూ 10). చందాలేసుకోవాలి, అప్పు చేయాలి, లేదా గోడకి ఇంకో దారి వెతకాలి. ఏం చేసినా మీకు పనికొచ్చేదే.

ఇక రత్నాలు. అంచున 60, ఒక్కోటి 50 నాణేలు. ఒకరు ఒక టర్న్‌లో (10 నిమిషాలు) ఒకటే ఊడదీయగలరు. ఐదుగురూ కూర్చుంటే 12 టర్న్‌లు, అంటే రెండు కాగడాలు కాలిపోతాయి. రెండు టర్న్‌లకోసారి వాండరింగ్ మాన్‌స్టర్ రోల్ (తిరుగుతూ ఎవరైనా వస్తారా అని పాచిక వేయడం) కాబట్టి ఆరు రోల్స్. ఒక్కసారైనా ఎవరో ఒకరు వచ్చిపడే అవకాశం మూడింట రెండు వంతులు. సగంలో లేచి పోదామా అన్న వాదన మీరేం చెప్పకుండానే మొదలవుతుంది.

నేలమాళిగ:
కథలో గోపురం లోపల ఒక పెద్ద మణి ఉంటుంది, అది చివరికి దొంగతనానికి వెళ్ళిన హీరో చేతికి దక్కదు కదా. ఎక్కువగా బంగారానికే ఎక్స్‌పీ (లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు) ఇచ్చే రూల్స్‌లో ఇది ఆటగాళ్ళని మోసం చేసినట్టు కాదా?

కాగడా6:
అంచు రత్నాలు 3000, సాలీడు గది పెట్టెలు ఇంకో 3000 పెట్టండి. తలా 1200. దొంగ పాత్ర సరిగ్గా రెండో లెవెల్‌కి వస్తాడు, 2000 కావాల్సిన ఫైటర్ (యోధుడి పాత్ర) రాడు. మణి ధర 8000. బందీ కోరినట్టు దాన్ని యారా మీద వాడితే శత్రువు పోతాడు, మణీ పోతుంది. జేబులో వేసుకుంటే తలా ఇంకో 1600, మొత్తం 2800: 2500 కావాల్సిన మ్యాజిక్ యూజర్ (మాంత్రికుడి పాత్ర) కూడా పైకి వెళ్తాడు. ఎల్ఫ్ ఉంటే పాపం మిగిలిపోతాడు, వాడికి 4000 కావాలి. కానీ యారా బతికే ఉంటాడు. ఒక్క సాహసానికి ఒక్క లెవెలే కాబట్టి దొంగ 2399 దగ్గర ఆగుతాడు, ఆ రూల్ ముందే చెప్పండి, లేకపోతే గొడవ. రెండు దారుల ధరా ఆటగాళ్ళకి కనిపిస్తే మోసం అనరు.

మ్యాప్‌గీత:
గోపురం ఒక రాత్రి పని. నెలల తరబడి సాగాలంటే 1936 నాటి హోవర్డ్ కథ 'రెడ్ నెయిల్స్' చూడండి, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే ఉచిత పుస్తకాల సైట్‌లో దొరుకుతుంది. ఒకే కప్పు కింద నగరం మొత్తం, వీధులుండవు. పడమర టెకుల్ట్లీ వర్గం, తూర్పున షోటలాంక్ వర్గం. శత్రువుని చంపినప్పుడల్లా నల్లస్తంభానికి ఒక ఎర్ర మేకు. సీమ ఫ్యాక్షన్ సినిమాలు చూసిన టేబుల్‌కి ఇంతకంటే పరిచయం అక్కర్లేదు.

తిప్పలు రెండు. నగరంలో వెలుగిచ్చే రాళ్ళున్నాయి, కాగడాల లెక్క పనిచెయ్యదు. బీ-ఎక్స్ ఒత్తిడంతా వెలుతురు మీదే నిలబడింది కాబట్టి దాని బదులు తలల లెక్క పెట్టండి. ఒక వర్గానికి 30, ఇంకోదానికి 25 టిక్కు గడులు గీయండి. వాండరింగ్ రోల్‌లో వచ్చేవాళ్ళు ఆ పట్టీలోంచే రావాలి, చచ్చినవాడి గడి కొట్టేయాలి, కొత్తవాళ్ళు పుట్టరు. ఏ వర్గమైనా సగానికి పడితే వర్గం మొత్తానికీ ఒక మొరేల్ రోల్ (నిలబడతారా, పారిపోతారా అని పాచిక).

రెండోది: ఆటగాళ్ళు మొదట కలిసిన వర్గంతో చేతులు కలిపి రెండోదాన్ని ఒక్క పూటలో ఊడ్చేస్తారు. ఆట అక్కడితో సరి. ఇద్దరి దగ్గరా సగం సగం ఏదో ఉంచండి: ఖజానా తాళం ఒకరికి, ఏ ఖజానా అన్నది ఇంకొకరికి. రియాక్షన్ రోల్‌కి (ఎదురైనవాళ్ళు ఎలా స్పందిస్తారో తేల్చే పాచిక) కూడా లెక్క ఉండాలి. ఎదుటి వర్గం ఇంట్లో అన్నం తిన్నారని తెలిస్తే మైనస్ 1, స్తంభానికి వాళ్ళ పేరు మీద మేకు పడితే మైనస్ 2. కథలో సమాధుల్లో తిరిగే టోల్కెమెక్‌ని చివరిదాకా దాచకండి. రెండు వర్గాలూ కలిపి 20కి దిగిన రోజు బయటికొస్తాడని మీ కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆటగాళ్ళు ఎంత నరికితే అంత త్వరగా వస్తాడు.

ఏడోమెట్టు:
అందరూ కొట్లాట కథలే చెబుతున్నారు. స్మిత్ 1934 కథ 'ద సెవెన్ గీసెస్' చదవండి. కొండ కిందికి పోయేకొద్దీ ఒక్కో అంతస్తులో ఒక్కో దేవుడో మాంత్రికుడో. కథలో కిందికి దిగే వేటగాణ్ణి ఎవరూ తినరు. ఒకరికి కడుపు నిండింది, సాలీడు దేవుడికి గూడు అల్లే పని ఉంది, "నాకెందుకు, కిందివాడికి పో" అని శాపం పెట్టి తోసేస్తారు. సరాసరి గవర్నమెంటు ఆఫీసే. రియాక్షన్ రోల్‌కి ఇంతకంటే మంచి పాఠం లేదు: రెండు డీ6 మీద 2 పడితేనే వెంటనే దాడి, మిగతా చోటంతా మాటలకి సందుంది. ప్రతి పెద్ద జీవికీ "ఇప్పుడు ఏం పనిలో ఉంది" అని ఒక డీ6 పట్టిక రాయండి. ఈ ఆట 1979 గైడ్‌లోని అపెండిక్స్ ఎన్ అనే చదవాల్సిన పుస్తకాల జాబితాలో స్మిత్ లేడు గానీ, మోల్డ్‌వే రాసిన 1981 బేసిక్ పుస్తకం జాబితాలో ఉన్నాడు.

శాపంతో మాత్రం జాగ్రత్త. కథలో శాపం వేటగాణ్ణి ఈడ్చుకెళ్తుంది. టేబుల్ దగ్గర అలా చేస్తే మళ్ళీ రైలు పట్టాలే. శాపాన్ని బేరంగా మార్చండి: చీటీ కిందికి అందిస్తే ఇంత, అందించకపోతే ఈ అంతస్తు దారి మూత.

పాతసంచిక:
వాన్స్ సంగతి ఒక్క మాటలో: మంత్రం చదివి బుర్రలో దాచుకుని, వాడగానే మర్చిపోవడం అనే రూల్ ఆయన కథల నుంచి వచ్చిందే. అక్కడ మజీరియన్ అనే మాంత్రికుడు అంతటివాడికీ బుర్రలో పట్టేవి పెద్ద మంత్రాలు నాలుగు, చిన్నవైతే ఆరు. కాబట్టి ఫస్ట్ లెవెల్‌లో ఒకే మంత్రమా అని ఏడ్చేవాళ్ళకి ఆ కథ ఇవ్వండి. ప్రతి మంత్రానికీ లోకంలో మూడే ప్రతులున్నాయని పెడితే మాంత్రికుడి ఇల్లు దోచుకోవడం వాళ్ళకి వాళ్ళే ప్లాన్ చేసుకుంటారు.

హోవర్డ్ పేరు వినని గుంపుకి చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ చాలు. అడవి, మాంత్రికులు, వింత మృగాలు, అన్నీ సరంజామాతో సహా ఉన్నాయి. ప్రాణం చిలకలో దాచిన రాక్షసుణ్ణి కూడా పెట్టొచ్చు: చిలక బతికున్నంత వరకూ వాడి హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) 1 కన్నా కిందికి పోవు. ఈ సంగతి మూడు వేర్వేరు చోట్ల తెలిసేలా ఉంచండి. ఒక్కచోటే పెడితే ఆ గదిలోకి ఎవరూ వెళ్ళరు, పార్టీ మొత్తం చస్తుంది. చిలక దొరికాక పంజరంతో సహా మోయాలి, అది అరుస్తుంది, అందుకని వాండరింగ్ రోల్ ప్రతి టర్న్‌కీ.

నేలమాళిగ:
గోపురం, నగరం, కొండ మూడూ వేస్తా. ఒకే మ్యాప్ మీద ఎంత దూరంలో పెట్టాలి?

మ్యాప్‌గీత:
6 మైళ్ళ హెక్స్ (మ్యాప్ మీద ఆరు భుజాల గడి) వాడండి. బరువు లేని పార్టీ రోజుకి 24 మైళ్ళు, అడవిలో 16. గోపురం ఊళ్ళోనే. కొండ మూడు హెక్స్‌ల అవతల, నగరం అడవిలో ఎనిమిది హెక్స్‌ల లోపల. వెళ్ళేటప్పుడు మూడు రోజులు. పెట్టెలు మోస్తూ కదలిక 60 అడుగులకి పడితే అడవిలో రోజుకి 8 మైళ్ళే, ఆరు రోజులు. అడవిలో రోజుకోసారి డీ6 మీద 5 లేదా 6 వస్తే ఎన్‌కౌంటర్ (ఎవరో ఎదురుపడడం) కాబట్టి గాడిదలు, కూలీల బేరం ఊళ్ళోనే మొదలవుతుంది. ఊళ్ళో పుకార్ల పట్టిక మర్చిపోకండి: ఆరు పుకార్లు, ఒక్కో చోటికి రెండు, మొత్తంలో రెండు అబద్ధాలు. నగరం గురించిన అబద్ధం మాత్రం "లోపల ఎవరూ లేరు" అన్నదే పెట్టండి.