లూప్ నిడివి ముందే బిగించాలా, చేతికి వదిలేయాలా?

గాత్రం_బీట్:
బాస్ ఆర్‌సి-505 లూప్ మెషీన్ (పాడింది రికార్డు చేసి మళ్ళీ మళ్ళీ తిప్పి వినిపించేది) వాడుతున్నాను. మొదటి ట్రాక్‌లో నోటితో బీట్, రెండోదాంట్లో బేస్, మూడోదాంట్లో హమ్మింగ్. మూడోది పడ్డాక నిమిషం తిరిగేసరికి ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పోతున్నాయి. అన్ని ట్రాక్‌లకీ మెజర్ 4, అంటే నాలుగు బార్ల నిడివి అని ముందే పెట్టేయమని ఒక మిత్రుడి సలహా. అలా చేస్తే పాటలో ప్రాణం పోతుందని ఇంకొకరు. మీరేమంటారు?

తాళం_తప్పదు:
పెట్టేయండి. లెక్క చూడండి: టెంపో నిమిషానికి 120 బీట్లు, 4/4లో (బార్‌కి నాలుగు బీట్లు) నాలుగు బార్లంటే సరిగ్గా 8 సెకన్లు. వేలు 40 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడితే ఆ లూప్ 8.04 సెకన్లు అవుతుంది. మొదటిసారి చెవికి తెలియదు. పదిసార్లు తిరిగాక తేడా 0.4 సెకను. ఆ టెంపోలో బీట్ అంటేనే అర సెకను! ఎంత సాధన చేసినా పూర్తిగా పోయే తేడా కాదిది, తిరిగిన కొద్దీ పేరుకుపోతుంది. మెజర్ 4, లూప్ సింక్ (ట్రాక్‌లని కలిపి నడిపేది) ఆన్, క్వాంటైజ్ (రికార్డింగ్‌ని బార్ మొదటికి సర్దేది) మెజర్‌కి పెట్టండి. నాలుగు బార్లు నిండగానే రికార్డింగ్ దానంతట అదే ఆగుతుంది.

తంబూరా_శ్రుతి:
నేను ఒప్పుకోను. సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, ముందే ఎత్తుకునే పల్లవి ఉందనుకోండి. క్వాంటైజ్ ఉంటే మెషీన్ తర్వాతి బార్ మొదలయ్యేదాకా ఆగుతుంది, ఈలోగా మొదటి అక్షరాలు ఎగిరిపోతాయి. పైగా క్లిక్‌కి (మెషీన్ కొట్టే టిక్ టిక్ తాళానికి) కట్టేసి పాడితే కాలప్రమాణం నాది కాదు, మెషీన్‌ది. మొదటి ట్రాక్‌ని ఫ్రీగా చేత్తోనే మొదలుపెట్టి చేత్తోనే ముగించండి. మిగతావాటికి మెజర్ ఆటో పెడితే అవి మొదటిదాని నిడివినే తీసుకుంటాయి.

తాళం_తప్పదు:
అంటే మిగతా ట్రాక్‌లు బిగించాలని మీరూ అంటున్నారు కదండీ! గొడవంతా మొదటిదాని దగ్గరే.

తంబూరా_శ్రుతి:
అవును, ఆ మొదటిదే పాట నడక. దాన్ని మాత్రం వదులుకోను.

ఖండచాపు:
ఇద్దరూ 'అన్నీ ఒకే నిడివి' అనుకుని వాదిస్తున్నారు. 1970లలో రాబర్ట్ ఫ్రిప్, బ్రయన్ ఈనో అనే సంగీతకారులు రెండు టేపు రికార్డర్ల మధ్య ఒకే టేపు నడిపేవారు. ఆ రెంటి మధ్య ఎంత టేపు ఉంటే అంతే ఆలస్యం, పొరలన్నిటికీ అదే నిడివి. ఒక్క ట్రాక్ ఉన్న చిన్న పెడల్‌లోనూ అంతే, ఓవర్‌డబ్ (ఉన్నదాని మీద వేసే కొత్త పొర) పక్కకి పోదు. ఐదు ట్రాక్‌లున్న మెషీన్ కొనుక్కుని అన్నిటికీ 4 పెడితే ఆ సౌకర్యం వృథా కదా. బీట్ 2 బార్లు, బేస్ 4, హమ్మింగ్ 8 పెట్టి చూడండి. గుణిజాలు కాబట్టి జారవు, పాటా పదే పదే ఒక్కలా వినిపించదు. కావాలంటే 5 అక్షరాల లూప్ మీద 8 అక్షరాలది వేయండి, 40 అక్షరాలకోసారి రెండూ సమంలో కలుస్తాయి. ఆ కలిసే చోటు వినడం గొప్ప సంతోషం.

శ్రుతిగారూ, మీ పల్లవికి దారి ఉంది. రికార్డింగ్ సమంలోనే మొదలుపెట్టి, ఆ ముందు అక్షరాల్ని లూప్ చివర్లో పాడండి. లూప్ మళ్ళీ మొదటికి వచ్చేటప్పుడు అవి సమానికి ముందే పడతాయి. ఏడక్షరాల మిశ్రచాపు తాళం అయితే రికార్డింగ్‌కి ముందే 7/8 పెట్టుకోండి, 4/4లో ఉంచి సర్దుదామంటే కుదరదు. తంబూరా లాంటి శ్రుతి ట్రాక్‌కి మాత్రం లూప్ సింక్ ఆఫ్ చేసేయండి. దానికి బీటే లేదు, నిడివితో పనేముంది?

గాత్రం_బీట్:
చివర్లో పాడే సంగతి నాకు తట్టనే లేదు, థాంక్స్ అన్నా. మొదటిది చేత్తో, మిగతావి గుణిజాల్లో పెడతాను. మరి పక్కన మృదంగం ఉంటే?

తాళం_తప్పదు:
ఆయనకి హెడ్‌ఫోన్‌లో క్లిక్ ఇవ్వండి.

తంబూరా_శ్రుతి:
క్లిక్ వద్దండి. మీ మొదటి లూప్‌నే ఆయన మానిటర్‌లో గట్టిగా వినిపించండి. లూప్ ఎలాగూ ఆయన కోసం ఆగదు, కనీసం మనిషి గొంతు వెంట వాయిస్తారు.