దోనెలో రాయి చెరువులోకి తోస్తే నీరు పెరుగుతుందా, తగ్గుతుందా?

చెరువుగట్టు:
నిన్న సాయంత్రం మా చేపల చెరువు దగ్గర మొదలైన గొడవ ఇంకా తెగలేదు. ఇనుప దోనెలో తిరుగుతూ మేత చల్లుతాం. అది ఊగకుండా అడుగున యాభై కిలోల నల్లరాయి పెట్టుకుంటాం. ఆ రాయిని నీళ్ళలోకి తోసేస్తే చెరువు మట్టం పెరుగుతుందని నేను, తగ్గుతుందని మా బావ. రాయి పడితే నీళ్ళు లేవాలి కదండీ! కుండలో గులకరాళ్ళు వేసిన కాకి కథ చిన్నపిల్లలకీ తెలుసు. పందెం ఆత్రేయపురం పూతరేకులు, రెండు పెట్టెలు. పులస పందెం కాద్దామంటే నాకు ధైర్యం చాల్లేదు.

లంకలవాసి:
కాకి గులకరాయిని బయటి నుంచి తెచ్చిందండీ. మీ రాయి ముందే దోనెలో ఉంది, ముందే నీటిని నెడుతోంది. దోనెలో ఉన్నా అడుగున ఉన్నా చెరువులోనే కదా! మార్పు ఉండదు. నాకో పెట్టె పంపండి.

సరంగుగారబ్బాయి:
ఆయ్, బావగారిదే గెలుపండి. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య గోదారి దాటించే పంటు (బల్లకట్టు లాంటి పెద్ద పడవ) మీదకి లారీ ఎక్కేటప్పుడు చూడండి, పంటు అంచు నీటి వైపు ఎలా దిగుతుందో. లారీ బరువంత నీటిని అదనంగా పక్కకు నెడితేగాని పంటు నిలవదు. అదే లారీ గోదాట్లో పడిపోయిందనుకోండి (పడకూడదు బాబోయ్!), దాని ఇనుమూ సరుకూ ఎంత చోటు పడతాయో అంత నీరే జరుగుతుంది. ముందు జరిగినదానికన్నా ఇది బాగా తక్కువ.

రిటైర్డు మాస్టారు:
అబ్బాయి బాగా చెప్పాడు. లెక్క నేను వేస్తాను. తేలే వస్తువు తన బరువంత నీటిని నెడుతుంది. మునిగింది తన పరిమాణమంత నీటినే నెడుతుంది. ఆర్కిమిడీస్ క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలోనే చెప్పిన సూత్రం ఇది. లీటరు నీరు కిలో. కాబట్టి రాయి దోనెలో ఉన్నంతసేపూ దాని కోసం 50 లీటర్లు పక్కకు జరగాలి. నల్లరాయి నీటికి సుమారు 2.7 రెట్లు బరువు, అంటే అడుగుకి చేరాక నెట్టేది 18.5 లీటర్లే. మిగతా 31 లీటర్ల పైచిలుకు వెనక్కి సర్దుకుంటుంది. మట్టం తగ్గుతుంది.

చెరువుగట్టు:
మాస్టారూ, లెక్క ముచ్చటగా ఉంది. కానీ ఇవాళ పొద్దున్నే గట్టు దగ్గర కర్ర పాతి, గీత పెట్టి, రాయి తోశాం. గీత గీతలాగే ఉంది.

లంకలవాసి:
చెప్పానా!

రిటైర్డు మాస్టారు:
తొందరపడకండి. చెరువు ఎకరమే అనుకుందాం, 4,047 చదరపు మీటర్లు. 31 లీటర్లు దాని మీద పరిస్తే 0.008 మిల్లీమీటరు కూడా రాదు, వెంట్రుక మందంలో పదో వంతు. గాలికి లేచే అల ముందు అదెంత? బకెట్లో చేసి చూడండి.

చెరువుగట్టు:
చేశాను. బకెట్ నిండా నీళ్ళు, అందులో రెండు లీటర్ల స్టీలు గిన్నె, గిన్నెలో కిలో తూకం రాయి. సరిగ్గా నడిమధ్యన పెట్టకపోతే గిన్నె ఒరిగి మునిగిపోతోంది, రెండుసార్లు అలాగే అయింది. మూడోసారి నిలబడ్డాక బకెట్ గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాను. రాయిని తీసి, దారం కట్టి, మెల్లగా అడుగుకి దించాను. ఖాళీ గిన్నె తేలిగ్గా పైకి లేచి నాట్యం చేస్తోంది. నీరేమో గీతకి సెంటీమీటరు పైనే కిందకి దిగిపోయింది! పక్కన మా ఆవిడ, ‘బట్టలు నానబెట్టాలి, ఆ బకెట్ ఎప్పుడిస్తారు’ అని.

ఉప్పుటేరు:
మా వైపు నీళ్ళు ఉప్పగా ఉంటాయండి. అప్పుడు పెరుగుతుందేమో?

రిటైర్డు మాస్టారు:
పెరగదు, కాస్త తక్కువ తగ్గుతుంది. సముద్రపు నీరు లీటరు సుమారు 1.025 కిలోలు. 50 కిలోల రాయిని మోయడానికి 49 లీటర్లు జరిగితే చాలు. అంతర్వేది దాటి సముద్రంలోకి వెళ్ళిన పడవ కొంచెం పైకి తేలేది కూడా అందుకే.

లంకలవాసి గారూ, మీరూ పూర్తిగా ఓడలేదు. రాయి బదులు ఎండు కొబ్బరికాయ విసిరితే మీరన్నట్టే మార్పు ఉండదు. దోనెలో ఉన్నా నీళ్ళ మీద తేలుతున్నా అది నెట్టేది తన బరువంత నీటినే. చేపలకి వేసే తేలే మేతదీ అదే దారి. ఆ గుళికల్ని ఉబ్బించి లోపల గాలి నింపుతారు కదా. రొయ్యల మేత మునుగుతుంది, కాబట్టి అది చెరువు రాయి జాతి.

లంకలవాసి:
సరే, సగం పెట్టె. మరి దోనెకే చిల్లు పడి మునిగిపోతే?

చెరువుగట్టు గారి బావ:
అదీ తగ్గుతుందండి, దోనె ఇనుము ఎంతుంటే అంత చోటే పడుతుంది. బావా, దోనె సంగతి తర్వాత. రెండు పెట్టెలూ బెల్లంవే తీసుకురా, పంచదారవి నాకొద్దు.