తోక తెగుతోంది, వలయం మూసుకోవడం లేదు: పాట్‌జీ ఎంజైమ్‌తో పెప్టైడ్ వలయీకరణపై సందేహం

ప్రశ్న

పాటెల్లమైడ్లు అనే వలయాకార పెప్టైడ్ల తయారీలో పాల్గొనే పాట్‌జీ ఎంజైమ్‌ నుంచి వలయీకరణ భాగాన్ని మాత్రమే శుద్ధి చేసుకుని, ఎనిమిది అమైనో ఆమ్లాల గొలుసును, అంటే పెప్టైడ్‌ను, వలయంగా మార్చాలని మూడు వారాలుగా ప్రయత్నిస్తున్నాను. వరుస ఇది: వాలీన్, గ్లైసీన్, అలనీన్, ప్రోలిన్, ఐసోల్యూసిన్, గ్లైసీన్, ఫినైల్‌అలనీన్, అలనీన్. దీని వెనుక ఎంజైమ్ గుర్తుపట్టే తోకగా అలనీన్–టైరోసిన్–ఆస్పార్టిక్ ఆమ్లం–గ్లైసీన్ చేర్చాను. పీహెచ్ 7.5 వద్ద, 37 డిగ్రీల సెల్సియస్‌లో రాత్రంతా ఉంచాను. వలయం ఏర్పడి ఉంటే, అణువు బరువును దాని ఆవేశంతో భాగించి చూపే మాస్ స్పెక్ట్రమ్‌లో 713.40 దగ్గర శిఖరం రావాలి. నాకు కనబడుతున్నది 731.41 ఒక్కటే. తోక తెగిందంటే ఎంజైమ్ పెప్టైడ్‌ను గుర్తుపట్టినట్టే కదా, మరి వలయం ఎందుకు మూసుకోవడం లేదు?

మొదటి సమాధానం

ఆ రెండు సంఖ్యల మధ్య తేడా 18, అంటే ఒక నీటి అణువు. తోక పోయిన పెప్టైడ్ వలయంగా మారకుండా తిన్నని గొలుసుగానే మిగిలిందని దీని అర్థం. గుర్తుపట్టడం, వలయం మూయడం అనేవి రెండు వేర్వేరు పనులు అన్న సంగతి మొదట గ్రహించాలి.

ఈ భాగం నిర్మాణంలో సబ్టిలైసిన్ అనే ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌కు దగ్గరి చుట్టం. అదే మూడు అవశేషాల (గొలుసులోని అమైనో ఆమ్లాల) కూటమి దీనిలోనూ ఉంది: ఆస్పార్టిక్ ఆమ్లం 548, హిస్టిడీన్ 618, సెరీన్ 783. తోకను పట్టుకున్నాక సెరీన్ మీ ఎనిమిదో అమైనో ఆమ్లపు కార్బొనిల్ మీద దాడి చేసి తోకను విడగొడుతుంది. ఆ క్షణంలో మీ పెప్టైడ్ ఎస్టర్ బంధంతో ఎంజైమ్‌కు అతుక్కుని ఉంటుంది. ఇక మిగిలింది పందెం. గొలుసు అవతలి కొసనున్న అమైనో సమూహం ముందుగా వచ్చి చేరితే వలయం ఏర్పడుతుంది, నీరు ముందుగా చేరితే తిన్నని గొలుసు మిగులుతుంది. సబ్టిలైసిన్‌లో ఈ పందెం సాధారణంగా నీటిదే. పాట్‌జీలో మాత్రం అదనంగా ఉన్న రెండు హెలిక్సుల భాగం చురుకు స్థానంపై (రసాయన చర్య జరిగే చోటుపై) మూతలా కూర్చుంటుందని 2012లో వెలువడిన స్ఫటిక నిర్మాణం చూపింది. అది నీటిని దూరంగా ఉంచడానికి తోడ్పడుతుందని భావిస్తున్నారు.

మీ పెప్టైడ్‌లో నాకు కనబడే లోపం ఎనిమిదో స్థానంలో ఉంది. తోకకు సరిగ్గా ముందు ప్రోలిన్ గానీ, థయాజోలిన్ వంటి ఐదు పరమాణువుల వలయం గానీ ఉండాలని ఈ ఎంజైమ్ కోరుకుంటుంది. ప్రోలిన్ గొలుసును వంచి, అవతలి కొస ఇటు తిరిగి రావడానికి వీలు కల్పిస్తుంది. మీరు అక్కడ అలనీన్ పెట్టారు.

పీహెచ్ కూడా చూడండి. 7.5 దగ్గర మొదటి వాలీన్ అమైనో సమూహం చాలావరకు ప్రోటాన్‌తో కూడి ఉంటుంది, ఆ రూపంలో అది దాడి చేయలేదు. 8 నుంచి 9 మధ్యకు తీసుకువెళ్లండి. పైగా ఇది మహా నెమ్మది ఎంజైమ్, కాబట్టి దాని గాఢతను ఉత్ప్రేరక స్థాయిలో పొదుపుగా వాడకుండా పెప్టైడ్‌కు దగ్గరగా పెంచి, కొన్ని రోజులు వేచి చూడాలి. రాత్రంతా అన్నది దీనికి ఏ మూలకూ చాలదు.

ప్రశ్నించినవారు

ధన్యవాదాలు. అయితే నా వలయంలో ఆ అలనీన్ తప్పనిసరి. దాన్ని ప్రోలిన్‌గా మారిస్తే నేను కోరిన అణువే మారిపోతుంది.

మొదటి సమాధానం ఇచ్చినవారు

దేన్నీ మార్చనక్కర లేదు. వలయానికి మొదలూ చివరా ఉండవు కనుక గొలుసును ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఏర్పడే అణువు అదే. మీ వరుసలో ప్రోలిన్ నాలుగో స్థానంలో ఉండనే ఉంది. ఐసోల్యూసిన్‌తో మొదలుపెట్టి గ్లైసీన్, ఫినైల్‌అలనీన్, అలనీన్, వాలీన్, గ్లైసీన్, అలనీన్, ప్రోలిన్ అని రాసి, ఆ తర్వాత తోక చేర్చండి. తోక వలయంలో మిగలదు. పెప్టైడ్లను అతికే మరో ఎంజైమ్ సార్టేజ్‌తో చేసి ఉంటే అది కోసే చోటి గుర్తు వరుస వలయంలోనే ఉండిపోయేది, అందుకే ఇలాంటి పనికి నేను పాట్‌జీనే ఇష్టపడతాను, దాని నెమ్మదితనం ఎంత విసుగు పుట్టించినా సరే.

రెండో సమాధానం

పై సలహాతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తాను. 731.41 శిఖరం మీ ఎంజైమ్ వల్లనే వచ్చిందని ఇంకా రుజువు కాలేదు. ఇ. కోలై బ్యాక్టీరియా నుంచి శుద్ధి చేసిన ప్రోటీన్‌తో పాటు ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లు (ప్రోటియేజ్‌లు) కొద్దిపాటిగా వచ్చినా తోకను అవి కొరికివేయగలవు. సెరీన్ 783ను అలనీన్‌గా మార్చిన రూపాన్ని అదే పద్ధతిలో శుద్ధి చేసి పక్కన నడపండి, దానిలోనూ 731.41 వస్తే దోషం శుద్ధీకరణలో ఉంది.

వలయం వచ్చాక కూడా తొందరపడకండి. రెండు గొలుసులు కలిసి పదహారు అవశేషాల పెద్ద వలయం ఏర్పడి, అది రెండు ఆవేశాలు మోస్తే, దాని శిఖరం కూడా సరిగ్గా 713.40 దగ్గరే పడుతుంది. తేడా ఐసోటోప్ శిఖరాల మధ్య ఎడంలో ఉంటుంది: చిన్న వలయానికి ఎడం ఒకటి, జంట వలయానికి అర. ఈ ఒక్కటి చూడకుండా వలయం వచ్చిందని సంబరపడి, తర్వాత నాలుక్కరచుకున్నవాణ్ణి నేనే.

ప్రశ్నించినవారు, ఐదు వారాల తర్వాత

మార్పు చేసిన ఎంజైమ్‌తోనూ 731.41 కనబడింది, తక్కువ మోతాదులో అయినా సరే. ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ ఫిల్ట్రేషన్ కాలమ్ మీద ఎంజైమ్‌ను మరోసారి శుద్ధి చేశాక మార్పు చేసిన రూపంలో ఆ శిఖరం మాయమైంది. కొత్త వరుసతో, పీహెచ్ 8.5 వద్ద, మూడో రోజున 713.40, దానితో పాటు సోడియం చేరిన 735.38 శిఖరం వచ్చాయి. ఐసోటోప్ శిఖరాల ఎడం ఒకటి, అంటే ఇది చిన్న వలయమే. తిన్నని గొలుసు ఇంకా కొంత మిగులుతోంది, అది ఇప్పుడు నిజంగా నీటి పనేనని నమ్ముతున్నాను.